ముత్తుకృష్ణన్ నోట రాని మాట

విరుదునగర్‌లో ఒక ట్రస్టు వారి చిన్న మ్యూజియం ఉంది. వచ్చినవాళ్ళకు బొమ్మలు చూపించి కథ చెప్పే ఉద్యోగం ముత్తుకృష్ణన్‌ది. వయసు యాభై మూడు. కోవిల్‌పట్టి నుంచి ఎట్టయాపురం పోయే దారిలో ఒక పల్లె ఆయనది. తాతల నాటి నల్లరేగడి పొలం ఉంది, వాన పడిన ఏడు మినుములు పండుతాయి, పడని ఏడు తుమ్మకంప పెరుగుతుంది. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం ఆయనకు రాదు.

ఈ ఏడు ఆ మ్యూజియంలో రామానుజుల జీవితం మీదా తత్త్వం మీదా ప్రదర్శన పెట్టారు. గోడలకు పన్నెండు పెద్ద పటాలు, నడుమ మట్టితో చేసిన గోపురం నమూనా. ముత్తుకృష్ణన్ గొంతు మంచిది, ఆ సంగతి ఆయనకూ బాగా తెలుసు. గోపురం దగ్గరికి రాగానే కాసేపు ఆగేవాడు. కళ్ళు మూసుకునేవాడు. గురువు రహస్యమన్న మంత్రాన్ని రామానుజులు గోపురమెక్కి అందరికీ వినిపించారనీ, తాను నరకానికి పోయినా వీళ్ళు బాగుపడితే చాలనుకున్నారనీ చెప్పేవాడు. ‘అందరికీ’ అన్నచోట రెండు చేతులూ బారజాపేవాడు. ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకునేవారు. ట్రస్టు పెద్ద ఒకరోజు అది చూసి శాలువా కప్పాడు. దాన్ని మడత నలగకుండా బీరువాలో దాచుకున్నాడు మన ముత్తుకృష్ణన్.

అలా చేతులు చాచినప్పుడు ఒక్కసారైనా తన ఊరు గుర్తొచ్చిందా అంటే, రాలేదు. ఎందుకొస్తుంది? బొమ్మ ముందు కరిగిపోవడానికి ఖర్చేముంది గనుక.

ఒక గురువారం సాత్తూరు నుంచి బడిపిల్లలు వచ్చారు. వాళ్ళ టీచరు పేరు వాసుకి. ముత్తుకృష్ణన్ గుమ్మంలో నిలబడి “వాంగమ్మా, వాంగ ఐయా” అని అలవాటు ప్రకారం అరవంలో అందరికీ మర్యాదగా స్వాగతం చెప్పాడు. పిల్లల వెనకాల తెల్లపంచె కట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకుని ఒక ముసలాయన కూడా లోపలికి వచ్చాడు. ఎవరి తాతో అనుకుని ముత్తుకృష్ణన్ ఆయన ముఖం చూడలేదు.

గోపురం దగ్గర కథ బాగా రక్తి కట్టింది. చేతులు చాచి కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఆ ముసలాయన ఉన్నాడు. సుడలైమాడన్. ముత్తుకృష్ణన్ తండ్రి కాలం నుంచి వాళ్ళ పొలంలోనే పనిచేసిన మనిషి. డెబ్భై ఆరేళ్ళు. ఊరి చివర ఉన్న దళితుల కాలనీలో ఇల్లు. అక్కడ ఇళ్ళలో మాట్లాడేదీ తెలుగే. చిన్నప్పుడు ముత్తుకృష్ణన్ చేతికి మేడి ఇచ్చి దున్నడం నేర్పింది ఆయనే.

ఆలోచించకముందే మాట జారింది.

“ఏమిరా సుడలా, నువ్వెందుకురా ఈడికొస్తివి?”

కోపంతో అన్నది కాదు. ఊరివాణ్ణి చూసిన సంతోషంతోనే అన్నాడు, అదే మరీ ఘోరం. తండ్రీ అలాగే పిలిచాడు, కాలేజీలో చదివే కొడుకూ అలాగే పిలుస్తాడు.

ముసలాయన భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. “మనవరాలు పిలుచుకొనొచ్చె సామీ. చూసేసి పోతాను.”

పిల్లలకు తెలుగు రాదు. ఒక అమ్మాయి టీచరు చీర పట్టుకుని, “మిస్, సార్ మీ తాతయ్యను ఏమడిగారు?” అంది అరవంలో.

వాసుకి ముత్తుకృష్ణన్ వైపు కూడా చూడలేదు. “రండి పెద్దాయనా, మీరు రావడం మాకు చాలా సంతోషం అన్నారు,” అని అరవంలోనే చెప్పింది.

పిల్లలు సార్ వైపు మెచ్చుకోలుగా చూశారు. ముత్తుకృష్ణన్‌కు చెవులు మండిపోయాయి. ఆమె ఉన్నమాట చెప్పి ఉంటే బాగుండేది, కనీసం తలదించుకుని ఊరుకునేవాడు. తన తాత పరువు కాపాడుకోవడానికి ఆ పిల్ల ముత్తుకృష్ణన్ నోట రాని మర్యాదను ఆయన పేరు మీద చెప్పింది. ఆ గదిలో అది అబద్ధమని తెలిసినవాళ్ళు ముగ్గురే. మిగిలిన పటాల కథ ఎలా చెప్పాడో ఆయనకే తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

తర్వాతి రెండు రోజులూ బస్సులో కూర్చుని లోలోపల సాధన చేశాడు. తెలుగులో ‘రండి’ అనడం రాకనా? బావగారితో అంటాడు, పూజారితో అంటాడు. సుడలై పేరు పక్కన పెట్టి అనబోతే మాత్రం నాలుక మొరాయించేది. చివరికి భార్య లక్ష్మియమ్మాళ్‌తో చెప్పాడు.

“సుడలను ఇంక ‘మీరు’ అంటానే.”

“ఊరంతా నవ్వుతుంది,” అంది ఆమె. “అయినా అట్లంటే వానికే బాగుండదులేండి.”

ఆమె ఆ మాట అంటుందని, అంటే తను ఊరుకోవచ్చని మనసులో ఎక్కడో ఆశపడ్డాడు. అది తెలిసొచ్చాక ఇంట్లో కూర్చోలేకపోయాడు.

ఆదివారం పొద్దున కాలనీకి నడిచాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ వీధిలోకి పని చెప్పడానికి తప్ప వెళ్ళింది లేదు. సుడలైమాడన్ ఇంటి ముందు మంచానికి నులక బిగిస్తున్నాడు. వాసుకి గడపలో కూర్చుని నోటుపుస్తకాలు దిద్దుతోంది. ముత్తుకృష్ణన్ నోరు తెరిచాడు. ‘బాగుండారా’ అనబోతే వచ్చింది అరవం.

“ఐయా, నల్లా ఇరుక్కీంగళా?”

ముసలాయన గబుక్కున లేచాడు. ముఖం పాలిపోయింది. “ఏం తప్పు చేస్తిని సామీ? నాతో అరవంలో మాట్లాడుతుండారే.”

ఇన్నేళ్ళలో వీళ్ళిద్దరి మధ్య నడిచింది తెలుగే. ఆ తెలుగులో ఈ మనిషికి మర్యాద అన్నది ఒక్కనాడూ లేదు. వాసుకి పెన్ను ఆపి చూస్తోంది. ముత్తుకృష్ణన్ తలెత్తకుండా, మెల్లిగా అన్నాడు.

“తప్పేమీ లేదు. మీరు బాగుండారా?”

సుడలైమాడన్ వెనక్కి తిరిగి చూశాడు. వెనకాల ఎవరూ లేరు. అయినా ఎవరో పెద్దవాళ్ళు వచ్చారనుకుని, నులక చేత్తో పట్టుకుని పక్కకు జరిగి దారి ఇచ్చాడు.