రెండోసారి కొండెక్కిన గుర్రం

నిరుడు మే నెలలో, కేదారం కొండదారిలో, నా ఎడమ భుజం దగ్గరి కాలర్ బోన్ విరిగింది. విరగ్గొట్టింది బండరాయి కాదు, కర్ర. ఈ సంగతి చిక్కడపల్లిలో ఇప్పటికి పలు రూపాల్లో తిరుగుతోంది. ఒక రూపంలో నేను గుర్రం మీదినుంచి పడ్డాను. నేను ఆ గుర్రం ఎక్కనే లేదు. అందుకని జరిగినది జరిగిన వరుసలో రాస్తున్నాను.

గుర్రం ఎక్కినాయన నా మిత్రుడు. నారాయణగూడలో ముప్పై ఏళ్లకు పైగా కుస్తీ నేర్పారు కనుక అందరికీ మాస్టారే. వయసు అరవై తొమ్మిది, నాకంటే మూడేళ్లు చిన్న. కుడి మోకాలికి ఆపరేషన్ జరిగిన రోజున, కాలు నిలబడితే కేదారం నడిచి వస్తానని మొక్కుకున్నారు. కాలు నిలబడింది. అయితే డాక్టరు ఒక షరతు పెట్టాడు: చదునులో ఎంతైనా నడవవచ్చు, నిటారు ఎక్కుడు కూడదు, దిగుడు అసలే కూడదు. దిగేటప్పుడే మోకాలి మీద భారం ఎక్కువ. అశోక్ నగర్‌లో ఉద్యోగ పరీక్షల పిల్లల మధ్య నిలబడి టీ తాగుతూ మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. నిటారుగా ఉన్నచోట ఆయన గుర్రం మీద, చదునుగా ఉన్నచోట కాలినడకన. నేను దారి పొడవునా నడక.

"గుర్రమా? ఈ వయసుల పెండ్లి గిట్ల పెట్టుకున్నరా మాస్టారూ?" అన్నాడు టీ పోసే అతను.

"పెండ్లే. నువ్వు బ్యాండు పట్టుకొని రా," అన్నారు మాస్టారు.

గౌరీకుండ్ నుంచి గుడికి పదహారు కిలోమీటర్లు. ఆ దూరంలోనే పదహారు వందల మీటర్ల ఎత్తు ఎక్కాలి. ఒక జంతువును రోజుకు ఒక్కసారే పైకి తోలాలని అక్కడ నియమం. అందుకే ప్రతి గుర్రం చెవికీ అంకెల బిళ్ల ఉంటుంది. తెల్లవారకముందే వరుసలో నిలబడ్డాం. మా వంతు వచ్చేసరికి ఒంటిగంట కావొచ్చింది. అంతసేపూ తోచక, పైకి వెళ్లే గుర్రాల బిళ్లలు చదువుతూ గడిపాను. మాకు ఇచ్చినది గోధుమరంగు ఆడగుర్రం. వాన పడుతోందని దాని తలకు, చెవులు కప్పేలా, నీలం ప్లాస్టిక్ పట్టా కట్టారు.

మొదటి మజిలీ దాటాక దారి రాతిమెట్లుగా మారింది. ఎడమవైపు కొండ, కుడివైపు లోయ. నది కనిపించదు, దాని హోరు మాత్రం వినిపిస్తుంది. గుర్రాలకు లోయ అంచు వెంటే నడిచే అలవాటు. మాస్టారు జీను పట్టుకుని ముందుకు వంగి కూర్చున్నారు. నేను పక్కనే కొండవైపు నడుస్తున్నాను. ఒక మలుపులో గాలి పట్టాను లాగేసింది. చెవి బయటపడింది. బిళ్ల మీద 417.

తెల్లవారుతుండగా ఒక భారీ మనిషిని మోస్తూ పైకి వెళ్లినది ఆ అంకె.

"మాస్టారూ, దిగండి. ఈ గుర్రం పొద్దున ఒకసారి కొండెక్కి దిగింది."

"మంచిగ చూసినరా సారు?"

"బిళ్ల చూశాను."

మాస్టారు తన ఉర్దూలో గుర్రం తోలేవాణ్ణి అడిగారు. వాడికి పాతికేళ్లుంటాయి. వాడన్నది తెలుగులో ఇంతే: "బిళ్లలు మారుతుంటాయి చాచా. గుర్రం కొత్తది. కూర్చో."

నేను జీను పట్టీ కింద చెయ్యి పెట్టాను. పట్టీ అంచున ఎండిన ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. దాని కింద కొత్త చెమట నురుగులా కారుతోంది. ఆ క్షణానే గుర్రం ఆగిపోయింది. తోలేవాడు వెనక కాలి ఎముక మీద కర్రతో కొట్టాడు. కదలలేదు. ముందుకు వచ్చి ముక్కు మీద కొట్టాడు. ముక్కుపుటం చిట్లి, నెత్తురు వాననీటిలో కలిసి మెట్ల మీదికి జారింది. మాస్టారు దిగారు. ఆయన దిగగానే మూడో దెబ్బ, దాని ముందు మోకాలి మీద. గుర్రం ముందుకాళ్లు మడతపడి రాతి మీద కూలింది. ఎముక రాతికి కొట్టుకున్న ఆ చప్పుడు నది హోరులో కూడా వినిపించింది.

మాస్టారు కర్ర పట్టుకున్నారు. "మోకాలి మీద కొడ్తవారా? మోకాలి మీద?" ఆ మాట మాత్రం ఆయన తెలుగులోనే అన్నారు.

వాడు ఆయన నోటి మీద గుద్దాడు. వెనక వస్తున్న ఇంకొక తోలేవాడు కర్ర ఎత్తి పరుగెత్తుకొచ్చాడు. మాస్టారు మొదటివాడి నడుము పట్టి, ఎత్తి, మెట్ల మీద కుదేశారు. వాడి తల కొండరాతికి తగిలింది. రెండోవాడి కర్ర మాస్టారి వెన్ను మీదికి వస్తుంటే నేను అడ్డం వెళ్లాను. నా ఎముక విరిగిన సంగతి నొప్పికంటే ముందు చప్పుడుతో తెలిసింది. చుట్టూ యాత్రికులు కొండగోడకు అంటుకుపోయి, "జై కేదార్" అనడం కూడా మానేసి చూస్తున్నారు.

ఆ గొడవకు బెదిరి గుర్రం లేవబోయింది. వెనక కాలు అంచు దాటింది. రాళ్లు జారాయి. సగం శరీరం లోయవైపు ఒరిగింది.

మాస్టారు కిందపడ్డవాణ్ణి వదిలేసి కళ్లెం అందుకున్నారు. ఆపరేషన్ అయిన మోకాలినే రాతికి తన్నిపెట్టి లాగారు. నెత్తురోడుతున్న తలతో తోలేవాడూ లేచి జీను పట్టుకున్నాడు. ఒక నిమిషం క్రితం ఒకరినొకరు చంపుకోబోయిన ఇద్దరు పక్కపక్కన, ఒకే ఊపుతో, పళ్లు బిగించి లాగారు. రెండోవాడు కర్ర పారేసి తోక అందుకున్నాడు. గుర్రం దారి మీదికి వచ్చి, వణుకుతూ నిలబడింది.

"గుర్రం నాది కాదు," అన్నాడు తోలేవాడు, నెత్తురు తుడుచుకుంటూ. "ఒక్కసారే తోలితే యజమాని నన్ను కొడతాడు."

"మరి ఆయనను కొట్టు," అన్నారు మాస్టారు. వాడు నవ్వలేదు. ఆయన కూడా నవ్వించాలని అనలేదు.

గుడి ఇంకా పది కిలోమీటర్లకు పైనే ఉంది. దోవలో మరో గుర్రం దొరికేది. ఆ మాట నేనే అన్నాను. మాస్టారు జీను విప్పి తోలేవాడి భుజాన వేశారు.

"దీన్ని కిందికి తీస్కపోతా. నేను లేకపోతే వీడు మల్ల ఎక్కిస్తడు."

"దిగుడు మీకు కూడదు."

"ఎక్కుడు దీనికి కూడదు గద సారు."

ఆ విధంగా దిగాం. నా చెయ్యి మఫ్లరుతో మెడకు కట్టి ఉంది. గుర్రం మూడు కాళ్ల మీద, మాస్టారు ఒకటిన్నర కాలి మీద. గౌరీకుండ్ చేరేసరికి ఆయన మోకాలు ప్యాంటులో పట్టనంత వాచింది. గుర్రం తొట్టెలో నీళ్లు తాగి, గోడవైపు తల పెట్టి నిలబడింది. అది గడ్డి నోట పెట్టేదాకా ఆయన బసకు రాలేదు.

మరుసటి ఉదయం బస కిటికీలోంచి చూశాను. వానలో వరుసగా గుర్రాలు పైకి వెళుతున్నాయి. ఒకటి కుంటుతోంది. మీద ఒక మనిషి ఉన్నాడు. 417.

మాస్టారికి చెప్పాను. "అంకె మంచిగ చూసినరా?" అన్నారు.

"చూశాను."

ఆ రోజే హైదరాబాద్‌కు బయలుదేరాం.

మోకాలికి మళ్లీ ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు చేతికర్ర. మొక్కు సంగతి ఎవరైనా ఎత్తితే, "నడిచిన గద," అంటారు. ఎటువైపు నడిచారో చెప్పరు.

మొన్న మాఘమాసంలో ఒక సాయంత్రం నారాయణగూడ చౌరస్తాలో పెళ్లి ఊరేగింపు ఎదురైంది. బ్యాండు చెవులు పగలగొడుతోంది. తెల్లగుర్రం మీద పెళ్లికొడుకు. మాస్టారు నా చెయ్యి విడిపించుకుని, చేతికర్రతో దారి చేసుకుంటూ వెళ్లి కళ్లెం పట్టుకున్నారు.

"పొద్దుగాల్నుంచి దీనికి ఇది ఎన్నో పెండ్లి?"

"ఏ తాతా, జరుగు! ముహూర్తం దాటుతది!" పెళ్లివారి కుర్రాడొకడు ఆయన ఛాతీ మీద నెట్టాడు. మాస్టారు తూలి, నిలదొక్కుకుని, కర్ర పైకెత్తారు. బ్యాండు ఆగింది. కుర్రాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఒక్కటే సాబ్, మొదటిదే," అన్నాడు గుర్రపువాడు.

మాస్టారు కర్ర దించలేదు. రెండో చెయ్యి జీను పట్టీ కింద పెట్టి, బయటికి తీసి, ఆ అరచేతిని బ్యాండువాళ్ల దీపం వెలుగులో నాకు చూపించారు. వంగి చూశాను. పొడిగా ఉంది. ఉప్పు లేదు.

"లేదు మాస్టారూ," అన్నాను.

ఆయన కళ్లెం వదిలారు.