పొర కారిన రోజు

ప్రయోగశాలలో అందరూ ఆమెను పిన్నిగారు అంటారు. లావుపాటి కళ్ళద్దాలు, చెవి వెనక పెన్సిలు. రోజూ పొద్దున్నే పేగు కణాలు పెంచే గిన్నెల దగ్గరికెళ్ళి, "ఏమర్రా, తిన్నారా?" అని పలకరించి వాటికి పోషక ద్రవం మారుస్తారు. ఆ కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని, సన్నటి జల్లెడ మీద చుక్క దిగని పొరలా పరుచుకుంటాయి. వాటి ఒంటి మీదుండే ఒక ప్రోటీనే ఆ పట్టుకు కారణమని ప్రయోగశాల నడిపే మేడమ్ నమ్మకం. కానీ దాన్ని తీసేసినా ఎనిమిది నెలలుగా పొర కారలేదు. ఇక ఆపేద్దామన్నారు మేడమ్. "అక్క లేకపోతే చెల్లెలు పట్టుకుంటోందేమోనండీ! అలాంటిదే ఇంకో ప్రోటీన్ ఉందిగా, దాన్నీ తీసేసి చూద్దాం" అన్నారు పిన్నిగారు.

మంగళవారం ఆ రెండు ప్రోటీన్లూ లేని కొత్త పొర మీద నీలం రంగు పోసి, కింది గిన్నెలోకి వంగి చూశారు. నీలం! పక్కనున్న మామూలు పొర కింద మాత్రం తేట నీళ్ళే. పిన్నిగారు చప్పట్లు కొట్టి, వరండాలో గిర్రున రెండు చుట్లు తిరిగి, భర్తకు ఫోన్ చేశారు. "ఏమండీ, కారింది! కారిందండీ!" అని నవ్వాపుకోలేక పెట్టేశారు. అరగంటలో ఆయన బకెట్టు, పానా పట్టుకుని రొప్పుతూ దిగారు.

"ఎక్కడే? ఏ పైపు?"

ఆమె బొటనవేలంత గిన్నె చూపించారు. ఆయన తేరిపార చూశారు. "ఇంతేనా? కట్టెయ్యనా?"

"ముట్టుకుంటే ఊరుకోను! కారనివ్వండి."

మేడమ్ పకపకా నవ్వారు. ఆయన బకెట్టు బోర్లించి, దాని మీద కూర్చుని గిన్నె వంకే చూడసాగారు. కాసేపటికి, "అదిగోనే, ఇంకాస్త దిగింది!" అని అందరికంటే గట్టిగా అరిచారు.