ఏంజెలిన్ ఖాకీ ప్యాంటు

ఆత్మకూరు బస్టాండు వెనక సందులో ఒక రేకుల షెడ్డు. అందులో ఒక మోటారు, దాని ఇరుసుకు బిగించిన గుడ్డ చక్రం. అదే పాల్ బఫింగ్ షాపు. గీతలు పడ్డ స్టీలు బిందెలు, కిలుం పట్టిన ఇత్తడి చెంబులు అక్కడికి వచ్చి, ముఖం చూసుకునేంత మెరుపుతో తిరిగి వెళ్లేవి. 1993లో ఒక పళ్లెం అంచు చక్రానికి తగులుకుని, ఎగిరి పాల్ కుడి మణికట్టు విరగ్గొట్టింది. కట్టు విప్పాక కూడా ఆ చేతికి పట్టు రాలేదు. అప్పుడు చక్రం ముందుకు వచ్చి నిలబడింది అతని భార్య ఏంజెలిన్.

ఆమెది ఉదయగిరి. చిన్నప్పుడు చెక్క గరిటెలకు గరుకు కాగితం రుద్దే కూలికి పోయేది.

"చెక్కయినా స్టీలయినా ఒకటేనన్నా. ముందు గీత పోవాల, తర్వాతే మెరుపు. గీత ఉండంగానే మెరుపు తెచ్చినామనుకో, ఆ గీతే అందరికన్నా ముందు మెరుస్తాది," అని, ఆమె గురించి రాయడానికి వెళ్లిన నాతో అన్నది.

గీత పోగొట్టడానికి గరుకు చక్రం, మెరుపుకు మెత్తని గుడ్డ చక్రం. తిరిగే గుడ్డకు పాలిష్ కడ్డీ ఆనించి, పాత్రను చక్రం నడుముకు కిందుగా పట్టాలి. పైన పట్టుకుంటే లాక్కుని మన మీదికే విసురుతుంది. ఇవన్నీ పాల్ పక్కన స్టూలు మీద కూర్చుని నేర్పాడు. చీర సంగతి మాత్రం ఇద్దరికీ తోచలేదు.

ఒకరోజు దోపుకున్న పైట జారి చక్రానికి చుట్టుకుంది. పాల్ ఎడమచేత్తో స్విచ్చి కొట్టేలోగా సగం చీర లోపలికి పోయింది. ఏంజెలిన్ మెడ మీద ఎర్రటి వాత తేలింది. మర్నాడు ఆమె పాల్ ఖాకీ ప్యాంటు, పొట్టి చేతుల చొక్కా తొడుక్కుని, జుట్టు గట్టిగా ముడేసి పనికి దిగింది.

సందు సందంతా వచ్చి చూసింది.

"ఏంది ఏంజెలినా, కండక్టరు ఉద్యోగం వచ్చినాదా?" అని నవ్వింది బిందె తెచ్చిన కామాక్షమ్మ.

"వచ్చినాదక్కా. నీకు టిక్కెట్టు ఎక్కడికి కొట్టమంటావు?"

"ఏందిరా పాలూ, పెళ్లాన్ని మొగోణ్ణి చేసి నువ్వు కూర్చున్నావే!" అన్నాడు టీ బంకు మునెయ్య.

"నీ పెళ్లాం ఎప్పుడో అయిందిలేరా. ప్యాంటు తొడగలా, అంతే," అన్నాడు పాల్.

నవ్వులతో పోయేదే. కానీ చర్చి పెద్ద సైమన్ షెడ్డు దాకా వచ్చాడు. వరసకు ఆమెకు మామ.

"ఆడమనిషి మగ గుడ్డలు తొడగడం బైబిలు వాక్యానికి విరోధం. చీరతో చెయ్యి, లేకుంటే పని మానుకో. సంఘం ముందర నిలబడి క్షమించమని అడుగు. అడగవా, వచ్చే ఆదివారం ప్రభువు బల్లలో నీకు భాగం లేదు."

ఏంజెలిన్ మోటారు వేసింది. పాత చీర ముక్క ఒకటి చక్రానికి అందించింది. కళ్లు మూసి తెరిచేలోగా గుడ్డ చుట్టుకుపోయి మోటారు మూలిగింది.

"దాంట్లో నా మెడ ఉంటే, మామా?"

సైమన్ చూశాడు. చూసి కూడా మెత్తబడలేదు. "అందుకే మానుకోమంటా ఉండేది. మీ అత్త బర్రెలు మేపలా? నువ్వూ మేపు."

"మేపేదానికి ముందు బర్రె ఉండాల గదా మామా!"

ఇంట్లో అత్త లిదియమ్మ పోరు ఇంకో రకం. "క్షమించమని ఒక్క మాట అనెయ్యి తల్లీ. అనేదానికి ఏం పోతాది?"

"అన్నాక మళ్లీ చీరతోనే నిలబడాల గదత్తా."

"పోనీ ప్యాంటు మీదనే చీర కట్టు."

"చక్రం పట్టేది ఆ చీరనే!"

లిదియమ్మ ముక్కు చీదుకుని లేచిపోయింది. ఏంజెలిన్‌కు మాత్రం నెలకోసారి ప్రభువు బల్లలో పంచే ఆ రొట్టె ముక్క చిన్న విషయం కాదు. బాప్తిస్మం పొందిన నాటి నుంచి ఒక్క నెల తప్పలేదు ఆమెకు. పని వదలదు, బల్లా వదులుకోదు.

ఆదివారం చీర కట్టుకునే చర్చికి పోయింది. క్షమాపణకు పిలిస్తే లేవలేదు. రొట్టె పళ్లెం పట్టుకుని సైమన్ ఆడవాళ్ల వరసలోకి వచ్చాడు. ఏంజెలిన్‌ను దాటి, పక్కన కూర్చున్న లిదియమ్మ ముందు పళ్లెం వంచాడు. ఏంజెలిన్ అత్త ఒడి మీదుగా చెయ్యి చాపింది. పాలిష్ నలుపు గోళ్లలో అలాగే ఉన్న చెయ్యి. ఆ చెయ్యి పళ్లెంలో ఉండగా వెనక్కి లాగితే రొట్టె నేలపాలవుతుంది. సైమన్ లాగలేదు. ఏంజెలిన్ ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది.

"ఆయన ఇయ్యలేదన్నా. నేనే తీసుకున్నా," అని నాకు స్పష్టంగా చెప్పింది. ఆయన మనసు మారిందని నేను రాసేస్తానేమోనని అనుమానం కాబోలు.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర సైమన్ ఆపాడు. "వచ్చే నెల ఆ పళ్లెం నీ వరసలోకే రాదు."

"రాకపోతే నేనే లేచి వస్తా మామా."

సోమవారం ఖాకీ ప్యాంటుతో షెడ్డు తెరిచింది. చెప్పినట్టే ఆ తర్వాత చాలా నెలలు, రొట్టె కోసం చర్చి మధ్యలోంచి ముందుకు నడిచి వెళ్లింది.