ఐదుకి మూడు

నేను హిందీ టీచరుగా పనిచేసినన్నాళ్ళూ ఐదు మార్కుల ప్రశ్నకి ఐదూ ఎవరికీ వేయలేదు. ఎంత గొప్పగా రాసినా నాలుగు. బాగా రాస్తే మూడు. మూడంటే అరవై శాతం, అరవై శాతమంటే ఫస్ట్ క్లాసు. బందరులో నా దగ్గర చదువుకున్న ఆడపిల్లలందరికీ ఈ సంగతి తెలుసు. నా చేత మూడు వేయించుకున్న పిల్ల ఆ పేపరు సంచీలో పెట్టుకునేది కాదు, అందరికీ కనబడేలా చేత్తో పట్టుకుని ఇంటికి వెళ్ళేది.

ఈ లెక్క తెలియని వాళ్ళ చేతుల్లో పడ్డాను. నా ఫిర్యాదు అదే. చెప్పాల్సిన వాళ్ళకి చెప్పి చూశాను, వినలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

కిందటేడు వానల్లో బాత్రూములో జారిపడ్డాను. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక ఇంటికి పంపించే రోజున డాక్టరు నా మంచం పక్కన నిలబడి మా తమ్ముడి కూతుర్ని అడిగాడు, “పెద్దావిడకి ఇంట్లో చూసుకునేవాళ్ళు ఎవరున్నారమ్మా?”

నేను మెలకువగానే ఉన్నాను. కళ్ళజోడు పెట్టుకుని పేపరు చదువుకుంటున్నాను. “ఆ ప్రశ్నేదో నన్నడగండి,” అన్నాను.

ఆయన నవ్వాడు. మళ్ళీ ఆ పిల్ల వైపే తిరిగి, “చెవులు బాగానే పనిచేస్తున్నాయే,” అన్నాడు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

చూసుకునేవాళ్ళు ఎవరూ లేరు. నేను పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడు పోయాడు. వాడి కూతురికి గుడివాడలో బ్యాంకు ఉద్యోగం, అత్తగారూ మావగారూ, స్కూలుకెళ్ళే పిల్లలు. “మా ఇంటికి వచ్చెయ్యి అత్తా,” అని ఒకసారి అంది. రెండోసారి అనలేదు. అని ఉంటే వెళ్ళేదాన్నని కాదు. అనలేదని మాత్రం చెబుతున్నాను.

దానికి బదులు గుడివాడలోనే ఉన్న ఒక హోమ్ కేర్ వాళ్ళతో మాట్లాడి, పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళే మనిషిని ఏర్పాటు చేసింది.

మొదట వచ్చినావిడ గడపలోంచే “ఏం అమ్మమ్మా, ఎలాగున్నావు?” అంది. నేనెవరికీ అమ్మమ్మని కాను. “ఇప్పుడు మనం మాత్ర మింగేద్దామా? నీళ్ళు తాగేద్దామా?” అని చంటిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడేది. ఆ మాట్లాడటంలో పడి రాత్రి వేసుకోవలసిన మాత్ర పొద్దున్నే చేతిలో పెట్టింది. నేను చూసుకున్నాను కాబట్టి సరిపోయింది. పట్టుబట్టి ఆవిడని మార్పించాను.

తర్వాత వచ్చినావిడ ఏదో పనిమీద బజారుకి వెళ్తూ బయట తాళం వేసుకుని పోయింది. వాకర్ వంటింట్లో ఉంది, నేను హాల్లో కుర్చీలో ఉన్నాను. కిటికీలోంచి వీధిన పోయేవాళ్ళు కనబడుతూనే ఉన్నారు. ఒకరిద్దరు తెలిసినవాళ్ళే. నేను పిలవలేదు. నా ఇంట్లో నన్ను పెట్టి తాళం వేశారని దారినపోయేవాళ్ళకి చెప్పుకోవడం నాకు చేతకాలేదు. ఆవిడ తిరిగొచ్చి, “మీ సేఫ్టీ కోసమేనండి,” అంది. ఆఫీసుకి ఫోన్ చేస్తే, “నోట్ చేసుకున్నాం మేడమ్,” అన్నారు. ఆవిడనీ మార్పించాను.

మూడోసారి వచ్చినావిడది మోపిదేవి పక్కన పల్లెటూరు. నలభై దాటిన మనిషి. రోజూ బస్సులో వచ్చి బస్సులో వెళ్ళాలి. చెప్పులు విప్పి లోపలికి వచ్చి, “మిమ్మల్ని ఏమని పిలవమంటారండీ?” అని అడిగింది. టీచరుగారూ అనమన్నాను. “సరేనండి టీచరుగారూ. ముందు బాత్రూమెక్కడో చూపించండి,” అంది.

చూసింది. ఒక పాత నేతచీర అడిగి తీసుకుని, మందంగా మడిచి, నేల మీద తడి చుక్క లేకుండా తుడిచి, ఆ చీరని బాత్రూము తలుపు పక్కన మేకుకి తగిలించింది. అప్పటినుంచి నా స్నానానికి ముందు తుడవడం, తర్వాత తుడవడం.

నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి తను బయటికి వచ్చేసేది. ఇంకొకరు చూస్తుండగా నేను స్నానం చేయలేనని చెబితే, చేయమని బలవంతపెట్టలేదు. తలుపు ఓరగా వేసి, అటు తిరిగి నిలబడి, “నేను కబుర్లు చెప్తుంటానండి, మీరు ఊ కొడతా ఉండండి. ఊ ఆగిందంటే లోపలికొచ్చేస్తా, అప్పుడు సిగ్గూ గిగ్గూ అంటే కుదరదు,” అంది.

అలా నేను రోజూ నీళ్ళు పోసుకుంటూ ఊ కొట్టాను. కబుర్లంటే పెద్దవేమీ కావు. ఆవిడకో తోడికోడలుంది. ఆ తోడికోడలి గేదె వీళ్ళ దొడ్లో పడి మేసింది. వీళ్ళాయన దాన్ని కట్టేశాడు. తోడికోడలు వచ్చి, కట్టేసినందుకు కాదు, కట్టేసిన తాడు తనదేనని గొడవ పెట్టుకుంది. పెద్దమనుషుల దాకా వెళ్ళింది. స్నానం అయిపోయేది, కథ ఆగిపోయేది. “మిగతాది రేపండి,” అనేది. మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగినా చెప్పేది కాదు. ఈ ఇంట్లో నాతో ఎవరైనా అంతసేపు మాట్లాడి ఎన్నేళ్ళయిందో నాకు తెలియదు. సాయంత్రం ఆవిడ బస్సుకి వెళ్ళిపోయాక టీవీ పెట్టుకునేదాన్ని. టీవీకి ఎవరూ ఊ కొట్టరు.

ఇక మార్కుల సంగతి. ప్రతి శుక్రవారం ఆఫీసునుంచి ఫోన్ చేసి, సర్వీసుకి ఐదుకి ఎన్ని మార్కులిస్తారని అడుగుతారు. బుక్ చేసింది మా మేనకోడలు కాబట్టి ఆ ఫోన్ దానికే వచ్చేది. సంగతి తెలిశాక నేను ఒప్పుకోలేదు. “పడ్డది నేను. మార్కులు నేనేస్తాను,” అని పోట్లాడి ఫోన్ నాకు మార్పించుకున్నాను.

నాకు మొదటిసారి ఫోన్ వచ్చిన శుక్రవారం సముద్రంలో వాయుగుండం. పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని టీవీలో చెబుతున్నారు. బందరులో మూడో నంబరుకి ఎవరూ కిటికీలు కూడా వేసుకోరు. మోపిదేవి ఆవిడ ఆరేసిన బట్టలు తీసుకురావడానికి డాబా మీదికి వెళ్ళింది. ఫోన్లో ఒక అమ్మాయి గొంతు, “మీ కేర్‌టేకర్‌కి ఐదుకి ఎంత ఇస్తారు మేడమ్?” అంది.

నేను ఆలోచించే వేశాను. ఒక మార్కు బస్సుకి తగ్గించాను. పొద్దున్నే ఎక్కడున్నావని ఫోన్ చేస్తే, “వచ్చేశానండి, బస్టాండు దాటేశా,” అనేది. వెనకాల కండక్టరు చల్లపల్లి, చల్లపల్లి అని అరుస్తుండేవాడు. చల్లపల్లి నుంచి బందరు ఇంకా ముప్పావుగంట. ఇంకో మార్కు, అంతకు రెండు రోజుల ముందు ప్రహరీ దగ్గర పక్కింటావిడతో అన్న మాటకి. “మా టీచరుగారికి పంతం ఎక్కువండి. ఓ మాటంటే ఏడాది దాచుకుంటారు,” అంది. పక్కింటావిడ పకపకా నవ్వింది. కిటికీ తీసే ఉంది.

“మూడు,” అన్నాను.

“ఓకే మేడమ్, థాంక్యూ మేడమ్,” అంది ఆ అమ్మాయి. ఎందుకు మూడని అడగలేదు. పెద్ద మార్కు ఇచ్చాననే తృప్తితో నేను ఫోన్ పెట్టేశాను.

సోమవారం పొద్దున తలుపు తీస్తే వేరే మనిషి నిలబడి ఉంది.

ఆఫీసుకి ఫోన్ చేశాను. అదే అమ్మాయి. “మీరు లో రేటింగ్ ఇచ్చారు కదా మేడమ్. నాలుగుకి తగ్గితే మా సిస్టమ్‌లో కస్టమర్ సంతోషంగా లేరని పడుతుంది. మీ సేఫ్టీ కోసమే మార్చాం.”

“మూడంటే ఫస్ట్ క్లాసమ్మా. నువ్వేం చదివావు?”

“బీటెక్ మేడమ్.”

“పర్సెంటేజీ ఎంత?”

“అరవై రెండు మేడమ్.”

“అంటే ఐదుకి మూడు. నిన్నెవరైనా ఉద్యోగంలోంచి మార్చేశారా?”

“అది వేరు మేడమ్,” అంది. “పైగా తక్కువ రేటింగ్ ఇచ్చినవాళ్ళింటికి అదే స్టాఫ్‌ని మళ్ళీ పంపకూడదు మేడమ్. గొడవలవుతాయని రూలు.”

మా మేనకోడలికి చెప్పాను. “అయ్యో అత్తా, ఐదు చెప్పెయ్యాలి. నేను ఆటో అతనికి కూడా ఐదే నొక్కుతాను. నొక్కకపోతే వాళ్ళ పొట్ట కొట్టినట్టే,” అంది.

“నన్ను లోపల పెట్టి తాళం వేసినావిడకి ఎంత ఇచ్చావు?”

“అప్పుడు నువ్వు నాకింకా చెప్పలేదుగా.”

“ఎంతిచ్చావు?”

“ఐదు,” అంది.

అంటే ఆవిడ ఇప్పుడు ఐదు మార్కులతో ఇంకెవరింటికో వెళ్తోంది. మోపిదేవి ఆవిడ మూడుతో నా ఇంటికి రాకుండా పోయింది.

వానలు తగ్గాక ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది.

“టీచరుగారండీ, నేనండి. కులాసాయేనా?”

“ఎక్కడున్నావు?”

“గుడివాడలో ఏశారండి. ఓ ముసలాయన్ని చూసుకోవాల. ఇక్కడే ఉండిపోవడం, వారానికోసారి ఇంటికెళ్ళడం. అన్నట్టు నాకు మూడేశారంటగా.”

“అవును. మూడంటే తక్కువ కాదు.”

“తక్కువ కాదని మీకు తెలుసండి. నాకెవరు చెప్పారు? ఆఫీసునుంచి ఫోనొచ్చిన రోజు అన్నం తినలేదు నేను. ఈవిడకేం తక్కువ చేశానా అని.”

“ఒకటి బస్సుకి. చల్లపల్లిలో ఉండి బస్టాండు దాటేశానంటావు. రెండోది ప్రహరీ దగ్గర అన్న మాటకి.”

“ఏ మాటండి?”

“నాకు పంతం ఎక్కువని. మాటంటే ఏడాది దాచుకుంటానని.”

ఆవిడ నవ్వింది. చాలాసేపు నవ్వింది. “దాచుకున్నారు కదండీ మరి,” అంది.

నాకూ నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. మళ్ళీ అడిగినా ఆవిడకి మూడే ఇస్తాను. ఇప్పటికీ నా మార్కు తప్పు కాదు, వాళ్ళ లెక్క తప్పు. “ఆ గేదె సంగతేమైంది?” అని అడిగాను.

“అది నీళ్ళకాడ చెప్పుకునే కబురండి, ఫోన్లో ఏం బాగుంటది? ఉండండి, తాతగారు పిలుస్తన్నారు.” ఫోన్ పెట్టేసింది.

ఆయనకీ స్నానం ఉంటుంది కదా. ఆయనకి మొదటినుంచీ చెబుతోందేమో. నేను పెద్దమనుషుల దాకా విన్న కథని ఆయన చివరిదాకా వింటాడు.

ఇప్పుడు వస్తున్న మనిషి చెడ్డదని చెప్పను. వేళకి వస్తుంది. అన్నం వండుతుంది. నేను బాత్రూములో ఉంటే తను హాల్లో ఫోన్ చూసుకుంటుంది, దాని సౌండుకి నేను పిలిచినా వినబడదు. నేల తుడవమంటే, “ఆరిపోద్దిలెండి,” అంటుంది. మొన్న స్టూలు మీంచి లేస్తుంటే కాలు జారింది. కుళాయి పట్టుకుని నిలబడ్డాను. అలాగే నిలబడి, నాకు తెలియకుండానే ఒకసారి ఊ అన్నాను. ఎవరూ రాలేదు.

ఇన్నాళ్ళూ కోపంతో శుక్రవారం ఫోన్ ఎత్తలేదు, ఆ వారం ఎత్తాను. ఆవిడ అంట్లు తోమడం ఆపేసి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ నా నోటివంకే చూస్తోంది. న్యాయంగా వేస్తే ఒకటి. ఒకటంటే సోమవారం ఇంకో కొత్త మనిషి, మళ్ళీ అమ్మమ్మా అని గడపలోంచి. నాకు ఆ పద్ధతిలో ఒక్క దారే కనబడింది. వాళ్ళ లెక్క ప్రకారం మంచిదాన్ననిపించుకుంటే, నేను అడిగింది వాళ్ళు కాదనరనుకున్నాను.

“ఐదు,” అన్నాను. జన్మలో ఎవరికీ వేయని మార్కు.

గుమ్మంలో ఉన్నావిడ లోపలికి వెళ్ళిపోయింది. గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైంది.

“థాంక్యూ సో మచ్ మేడమ్,” అంది గుడివాడ అమ్మాయి. ఆ గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు.

“ఐదు ఇచ్చాను కదమ్మా. ఇప్పుడు నా రికార్డు బాగుపడింది కదా. ఆ మోపిదేవి ఆవిడని నాకు మళ్ళీ పంపించు.”

“ఎందుకు మేడమ్? ఇప్పుడున్న ఆవిడకి ఫుల్ రేటింగ్ ఇచ్చారు కదా. మార్చాల్సిన అవసరమేముంది? మీరు హ్యాపీయే కదా?”

బాత్రూము తలుపు పక్కన మేకుకి ఆ పాత చీర ఎండి అట్టలా వేలాడుతోంది.

“మేడమ్? లైన్లో ఉన్నారా మేడమ్?”

“ఊ,” అన్నాను.