నాలుగో బోల్టు

పోయినవారం మా అల్లుడి కారు తెచ్చుకోవడానికి సర్వీసు సెంటరుకు వెళ్లాం. అద్దాల గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఓ కాగితం చేతిలో పెట్టారు. ఇంజను బ్లాకులో ఒక బోల్టు పట్టే మరలు పోయాయట, బ్లాకు మొత్తం మార్చాలట. ఇచ్చినప్పుడు బాగానే ఉన్న మరలు ఎవరి చేతిలో పోయాయి నాయనా అని అడిగితే, ఇస్త్రీ చొక్కా అబ్బాయి కంప్యూటరులోకి చూసి, "సిస్టంల గట్లనే చూపిస్తుంది సార్" అన్నాడు. అల్లుడు ఊరుకోమన్నట్టు నా మోచెయ్యి తాకాడు. ఊరుకున్నాను గానీ, మనసు పాతబస్తీ లాల్‌దర్వాజా సందులో, నాకు మెకానిక్ పని నేర్పిన ఉస్తాద్ షెడ్డుకు వెళ్లిపోయింది.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు, పనిలో ఆరేళ్ల అనుభవం, అరవై ఏళ్ల పొగరు. ఉస్తాద్ దగ్గర రెండు కట్టుబాట్లు ఉండేవి. ఏ బోల్టునైనా ముందు వేళ్లతో మూడు చుట్లు తిప్పాలి, ఆ తర్వాతే పానా ముట్టాలి. ఆయన బిస్మిల్లా అని తిప్పేవారు, నేను మాంకాళమ్మ తల్లిని తలుచుకుని తిప్పేవాణ్ణి. రెండోది, ఎవరి చేతిలో పని పాడైతే వాళ్లే, ఆ మసి చేతులు కడుక్కోకముందే, బండి యజమాని దగ్గరికి వెళ్లి చెప్పాలి.

ఆ రోజు వచ్చిన బండి మలక్‌పేటలో ట్యాక్సీ నడిపే ఓ పెద్దమనిషిది. హెడ్డు గాస్కెట్ కాలిందని తెచ్చాడు గానీ, అసలు సంగతి వేరే. ఆయన కూతుర్ని నాకు అనుకున్నారు, వచ్చే ఆదివారమే పూలుపండ్లు, అంటే పెళ్లి ఖాయం చేసుకోవడం. కాబోయే అల్లుడి పనితనం ఎలా ఉందో చూద్దామని ఎదుటి పాన్‌డబ్బా బల్ల మీద ఠీవిగా కూర్చున్నాడు. ఆయన చూస్తున్నాడన్న సంబరంలో నాకు ఒళ్లు తెలియలేదు. కొత్త గాస్కెట్ వేసి, ఇంజను మీద మూతలా కూర్చునే హెడ్డు ఎక్కించి, మూడు బోల్టులు పద్ధతిగా పట్టించి, నాలుగోదానికి వేళ్లు వదిలేసి నేరుగా పానా వేశాను. బిగువుగా తగిలింది. బలం చూపించాలిగా, పానా వెనక పైపు తొడిగి లాగాను. కర్రుమంది. ఆ తర్వాత వెన్నలో తిరిగినట్టు బోల్టు ఊరికే తిరగసాగింది. బ్లాకులోని మరలన్నీ కోసుకుపోయాయి.

దాచిపెట్టే దారి ఒకటి ఉంది. బోల్టుకు సఫేదా, అదే తెల్లటి లప్పం, పూసి, దారం చుట్టి దిగ్గొడితే ఓ వారం ఆగుతుంది. ఆదివారం గడిస్తే చాలుననుకున్న మాట నిజం, ఇప్పుడు అబద్ధమెందుకు? ఇంతలో ఉస్తాద్ వచ్చి బోల్టును వేలితో ఇటూ అటూ ఆడించి చూశారు.

"చూడీ మార్ దియే మియా, మరలన్నీ కోసేసినవ్. ఇగ నువ్వే పోయి చెప్పు."

ఉస్తాద్ నాకోసం ఈ ఒక్కసారికి కట్టుబాటు సడలిస్తారేమోనని ఆయన మొహంలోకి చూశాను. ఆయన మరో బండి వైపు తిరిగిపోయారు. షెడ్డు నుంచి పాన్‌డబ్బాకు పాతిక అడుగులు కూడా ఉండవు. ఆ పిల్లను నేను ఒక్కసారే చూశాను, కానీ ఆ పాతిక అడుగులూ ఆమె మొహమే కనిపించింది.

"నా చేతులనే ఖరాబైంది బాపూ. వేళ్లతోటి తిప్పకుండ పానా ఏసిన."

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "మళ్ల బాగైతదా?"

"ఐతది."

"అయితే చెయ్యి. నేను ఈడనే కూసుంట."

మళ్లీ హెడ్డు దించాను. సిలిండర్లలో రజను పడకుండా గుడ్డలు కుక్కాను. ఉస్తాద్ మూలమట్టం ఆనించి పట్టుకుంటే, డ్రిల్లు వంకర పోకుండా పాత మరలను తొలిచేశాను. మరలు కోసే ట్యాపుకు గ్రీజు పూసి, అరచుట్టు ముందుకు, పావుచుట్టు వెనక్కు తిప్పుతూ కొత్త మరలు కోశాను. లోపలా బయటా మరలున్న ఇనప బుష్షును లేతు మీద తీయించుకొచ్చి అందులో బిగించాను. అప్పుడు వేళ్లతో మూడు చుట్లు. సాయంత్రానికి ఇంజను గుర్రుమంది. ఆయన ఆదివారం ఊసే ఎత్తకుండా బండెక్కి వెళ్లిపోయాడు.

ఆదివారం పళ్లేలతో వాళ్లింటికి వెళితే, గుమ్మంలోనే నిలబడి చుట్టాలందరికీ వినపడేలా, "నా బండి ఖరాబు చేసిన పిలగాడు ఈయనే" అన్నాడు. మా అమ్మ పళ్లెంతో ఓ అడుగు వెనక్కి వేసింది. ఆయన పళ్లెం అందుకుని, "చెప్పిండు గాబట్టి తెలిసింది. లోపలికి రండ్రి" అన్నాడు.

అత్తారింట్లో నా పేరు నాలుగో బోల్టు అయిపోయింది. మరదళ్లు ఆటపట్టిస్తుంటే మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఏళ్ల తర్వాత మామగారు ఆ బండి అమ్మేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. బానెట్ ఎత్తి, కొనేవాడికి ఆ బోల్టునే చూపించాడు. "తక్కినవాటి మరలు కంపెనీ కోసింది, నాకు తెల్వదు. ఇది మా అల్లుడు ఖరాబు చేసి, మా అల్లుడే బాగు చేసిండు. దీనికి నేను జిమ్మేదారు, పూచీ నాది." ఆ రోజు నేను బండి చాటుకు పోయి కళ్లు తుడుచుకున్నాను.

ఇప్పుడు ఉస్తాదూ లేరు, మామగారూ లేరు. షెడ్డు ఉన్నచోట సెల్‌ఫోన్ల కొట్టు పెట్టారు. బ్లాకు మారిస్తే మార్చారు, అల్లుడి కారు కొత్తదానిలాగే నడుస్తుంది. ఆ అద్దాల వెనక ఎక్కడో ఓ కుర్రాడు కూడా తొందరలో పానా వేసే ఉంటాడు. వాడికి మా దగ్గరికి నడిచొచ్చే పాతిక అడుగులు ఎవరూ మిగల్చలేదు. నాకైతే సంసారం దొరికింది ఆ అడుగుల్లోనే.