శుద్ధి కొలను

కళింగపట్నంలో పడవల మీద బతికే కుటుంబంలో పుట్టిన కూర్మయ్యకు, నాగావళి ఒడ్డునున్న ఒక చిన్న పట్టణపు మునిసిపాలిటీలో తూము కాపలా ఉద్యోగం దొరికింది. ఊరి కాలువల మురుగంతా పల్లానికి దిగి ఒక వెడల్పాటి మడుగులో చేరేది. అక్కడ పది రోజులు ఎండకు నిలిచి, మడ్డి అడుగుకు దిగిన తరువాత పైనీరు ఏటిలోకి పోవాలి. రోజూ తెల్లవారగానే తూము పలకను జానెడు ఎత్తి ఆ నీటిని వదలడం కూర్మయ్య పని. ఆరేళ్లుగా అందులో అతడు ఏమరుపాటు ఎరుగడు.

పందొమ్మిదివందల అరవై ఎనిమిదిలో ఓవర్సీయరు నారాయణమూర్తి ఆ మడుగుకొక బోర్డు పెట్టించాడు. సాలూరులో లారీలకు రంగులు వేసేవాడొకడు వచ్చి, అలవాటు కొద్దీ అటొక తామరపువ్వు, ఇటొక తామరపువ్వు దించి, నడుమ "శుద్ధి కొలను" అని ముచ్చటగా రాసిపోయాడు.

కార్తీకమాసం వచ్చింది. మొదటి సోమవారం ఉదయం కూర్మయ్య వచ్చేసరికి, పాతపట్నం నుంచి కూతురింటికి వచ్చిన లక్ష్మణమ్మ అనే ముసలామె, అరటిదొప్పలో దీపం పట్టుకొని మడుగులో దిగబోతున్నది.

"ఏటమ్మా, ఏటి సేస్తన్నావు?"

"కార్తీక తానం. శుద్ధి కొలనని మా కూతురు తాయారు సదివి సెప్పింది."

"ఊరి మురుగమ్మా ఇది. ఇక్కడ శుద్ధి సేసేది నీటికి, మనుషులకి గాదు."

ముసలామె కాలు వెనక్కు తీసుకున్నది. ఆకుపచ్చగా నిలిచిన నీటిని కాసేపు చూసింది.

"మరి ఈ నీరు ఎటెల్తాది?"

"ఏట్లోకే."

"మావు మునిగే రేవు మీదికేనా?"

కూర్మయ్య తల ఊపాడు.

"నువ్వెక్కడ మునుగుతావు?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "ఈ తూముకి పైన."

"బాగున్నాది నాయనా. నీకు పైనీరు, మాకు కిందినీరు" అని ఆమె నవ్వింది. ఆ నవ్వులో కోపం లేదు. అందుకే అది అతడికి మరింత లోతుగా తగిలింది.

ఆనాడు ఆమెను ఎగువ రేవుకు తానే నడిపించుకొని వెళ్లాడు. ఆ వారమంతా పలక ఎత్తలేదు. పైనీటిని పక్కనున్న మునిసిపాలిటీ గడ్డిచేలోకి మళ్లించి, మడుగుకు ఇంకొన్నాళ్ల ఎండ తగలనిచ్చాడు.

నారాయణమూర్తి వచ్చి, "పలకెందుకు ఎత్తలేదయ్యా?" అని అడిగాడు.

"నాను మునగలేని నీరు ఏట్లోకి ఎలాగొదుల్తాను బాబూ?"

ఓవర్సీయరు మడుగు వంకా, గడ్డిచేను వంకా చూసి సైకిలెక్కాడు.

రెండవ సోమవారం తెల్లవారుజామున కూర్మయ్య పలక ఎత్తి, తూము నీరు ఏటిలో కలిసేచోట, దిగువ రేవు పక్కనే, మెడలోతున నిలబడ్డాడు. అది మొదలు అదే అతడి వాడుకైంది. మునగడానికి మనసొప్పని నాడు పలక దించేసేవాడు.

ఆ రెండవ సోమవారం లక్ష్మణమ్మ కూడా వచ్చింది. బోర్డు వంక కన్నెత్తి చూడలేదు. ఏటి గట్టు మీద ఆగి, నీటిలో ఉన్న మనిషినే చూసింది.

"ఎలాగున్నాది నీరు?"

"సల్లగున్నాదమ్మా."

ఆమె దీపాన్ని గట్టు మీద పెట్టి, కొంగు నడుముకు బిగించి, మెల్లగా దిగువ రేవులోకి దిగింది.