అత్తగారికి జ్యూరీ పిలుపు

మా అత్తగారు సిటిజన్ అయిన మరుసటి ఏడాదే జ్యూరీ డ్యూటీకి రమ్మని కౌంటీ కోర్టు నుంచి పిలుపొచ్చింది. కేసు విని దోషా కాదా తేల్చడానికి ఇక్కడ మామూలు జనాన్నే కూర్చోబెడతారు, అయితే సిటిజన్ అయి ఉండాలి. అప్పుడు మేం పిస్కాటవేలో ఉండేవాళ్ళం. మావారూ నేనూ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లమే, కానీ ఇంకా గ్రీన్‌కార్డు వాళ్ళం. మా ఆడబిడ్డ పుణ్యమా అని ముందే సిటిజన్ అయిన అత్తగారు తప్ప ఇంట్లో ఇంకెవరూ ఆ పనికి పనికిరారు.

మావారికి బెంగ పట్టుకుంది. "అమ్మా, ఇంగ్లీష్ రాదని రాసెయ్. ఎక్స్‌క్యూజ్ చేసేస్తారు. అందరూ చేసేదదే!"

"ఎందుకు రాదురా? సిటిజన్ పరీక్ష ఇంగ్లీషులోనే కదా పాసయ్యాను! ఇన్నేళ్ళలో ఈ దేశంలో నన్నెవరూ ఏదీ అడగలేదు. ఇప్పుడు అడిగారు. వెళ్తాను."

నిజమే. షాపులో ఆవిడ తరఫున నేను మాట్లాడతాను, డాక్టరు దగ్గర కొడుకు మాట్లాడతాడు. ఆవిడ పక్కన నిలబడి నవ్వుతారు.

ఆ రోజు సెలవు పెట్టి నేనే కోర్టుకి తీసుకెళ్ళాను. వద్దన్నా వినకుండా పట్టుచీరే కట్టారు, మీద స్వెటరు, కాళ్ళకు స్నీకర్లు. హాల్లో ఉన్నవాళ్ళలో సగంమంది ఎలా తప్పించుకోవాలా అని చూస్తున్నారు. ఈవిడ మాత్రం ముందు వరసలో పెళ్ళిపెద్దలా కూర్చున్నారు. నాకు నవ్వొచ్చింది, ఆవిడ ముద్దూ వచ్చారు.

మధ్యాహ్నం జ్యూరీకి మనుషుల్ని ఎంచడానికి ఆవిణ్ణి మరికొందరితో కలిపి కోర్టు గదిలోకి పిలిచారు. నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఒకతని మీద దొంగతనం కేసు. కొత్త చొక్కా వేసుకొచ్చాడు, మడతలింకా పోలేదు. జడ్జీ, లాయర్లూ గబగబా మాట్లాడుతుంటే అత్తగారు ముందుకు వంగి విన్నారు. అతని వంక ఒకసారి చూశారు. అప్పుడు జడ్జి, ఇంగ్లీషు అర్థం కావడం ఎవరికైనా కష్టంగా ఉందా అని అడిగారు.

అత్తగారు చెయ్యెత్తారు.

లేచి నిలబడి, వచ్చీరాని ఇంగ్లీషులోనే చెప్పారు. సగం అర్థమైందట, సగం కాలేదట. అర్థం కాని సగంలోనే అతను తప్పు చేయలేదన్న మాట ఉంటే ఎలా అని అడిగారు. తను జ్యూరీలో కూర్చోకూడదన్నారు. గదిలో ఎవరూ నవ్వలేదు. జడ్జి మర్యాదగా థాంక్స్ చెప్పి పంపించేశారు. కొత్త చొక్కా అతను ఆవిడ తలుపు దాటేదాకా చూస్తూనే ఉన్నాడు. ఆవిణ్ణి అక్కడే కావలించుకోవాలనిపించింది నాకు.

కారెక్కాక అత్తగారు కిటికీలోంచి కోర్టు వైపే చూస్తూ కూర్చున్నారు.

"పోన్లెండి అత్తయ్యా, ఉన్నమాటే చెప్పారుగా," అన్నాను.

"చెప్పానే. అయినా బాధగానే ఉంది," అని చీర కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. నావైపు తిరిగి అడిగారు, "మళ్ళీ ఎప్పుడు పిలుస్తారు?"

"మూడేళ్ళ దాకా పిలవరట."

"అయితే టైముంది. లైబ్రరీలో ఇంగ్లీషు నేర్పుతారట కదా, ఇటునుంచి ఇటే పోనీ."